జులై ఆఖర్లో మాల్దీవులు: వానాకాలంలో వెళ్ళొచ్చా, మానుకోవాలా?

గొడుగు_మర్చిపోయా · జూన్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. జులై చివరి వారానికి మాల్దీవులకు టికెట్లు కొనేశాం. ఆఫర్ కనబడగానే మా ఆవిడ రాత్రికి రాత్రే బుక్ చేసేసింది, డబ్బులు వెనక్కి రావు. తీరా ఇప్పుడు చూస్తే అది అక్కడ వానాకాలమట. ఫోన్‌లో రాజధాని మాలే వాతావరణం పెట్టి చూస్తే వారమంతా మబ్బు, ఉరుము బొమ్మలే.

వెళ్ళేది నేను, మా ఆవిడ, ఆరేళ్ళ బాబు, మా అత్తగారు. అత్తగారికి పడవ ఎక్కితే వాంతులు. నీళ్ళ మీద కట్టిన విల్లాలో రెండు రాత్రులైనా ఉండాలని ఆవిడ కోరిక. మిగతా రోజులు జనం ఉండే దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకుందామని నా ఆలోచన. అంత దూరం వెళ్ళి గదిలో కూర్చుని టీవీ చూసుకుంటూ రావాల్సి వస్తుందా? మొహమాటం లేకుండా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పచ్చిమిర్చి · జూన్ 9, రాత్రి 10:15

మొహమాటం లేకుండానే చెప్తున్నా. మానుకోండి. పోయిన ఆగస్టులో వెళ్ళాం. ఫొటోల్లో అద్దంలా మెరిసే నీళ్ళు చూసి వెళ్తే, మా విల్లా కింద పగలూ రాత్రీ అలలు ధబధబ బాదుతూనే ఉన్నాయి. మెట్లు దిగి నీళ్ళలోకి వెళ్దామంటే ఎర్ర జెండా. ముందే డబ్బు కట్టిన స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటిపై తేలి కిందకి చూడటం) ట్రిప్ రెండుసార్లు వాయిదా వేసి, చివరికి క్యాన్సిల్ చేశారు. రిసార్టు వాళ్ళు నవ్వుతూ కొబ్బరినీళ్ళు ఇచ్చారు, డబ్బు మాత్రం సగమే ఇచ్చారు. విచిత్రమేమిటంటే వాన పెద్దగా పడలేదు!

నీలివల · జూన్ 9, రాత్రి 11:02

అయ్యో, ఆ మాటకి భయపడి మానుకోకండి. నాలాంటి వాళ్ళు కావాలని ఈ సీజన్‌లోనే వెళ్తారు. బా అటోల్‌లో (అటోల్ అంటే పగడపు దీవుల వలయం) హనిఫారు బే అని ఒక చోటుంది, ఫుట్‌బాల్ మైదానమంత ఉంటుందేమో. జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడికి మాంటా రేలు అనే బల్లపరుపు పెద్ద చేపలు గుంపులుగా మేతకొస్తాయి. నైరుతి రుతుపవనాలప్పుడు నీళ్ళు అటోల్ గుండా పడమర నుంచి తూర్పుకి పారతాయి, ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు) అంతా తూర్పు అంచుకి చేరుతుంది. పోటు వచ్చినప్పుడు గరాటు ఆకారంలో ఉన్న ఆ బేలోకి వచ్చి ఇరుక్కుంటుంది. అదే వాటి విందు. నోరు బార్లా తెరుచుకుని ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతూ తింటాయి. ఒకటి సరిగ్గా నా కిందనుంచి పోతుంటే దాని మొప్పల చీలికలు లెక్కపెట్టగలిగాను, పొట్ట మీద మచ్చలతో సహా. ఆ మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, పరిశోధకులు వాటిని బట్టే గుర్తుపడతారు.

ఎండాకాలపు ఫిబ్రవరిలో వెళ్తే హనిఫారులో ఇవేవీ ఉండవు. పౌర్ణమికో అమావాస్యకో దగ్గరగా పడితే పోటు ఎక్కువ, అవకాశం ఎక్కువ. కాబట్టి పంచాంగం చూసి ప్లాన్ చేసుకోండి, నేను జోక్ చేయట్లేదు.

హుల్హుమాలే_లెక్కలు · జూన్ 10, ఉదయం 6:50

మాలే పక్కనే ఉన్న హుల్హుమాలే దీవిలో అకౌంట్స్ ఉద్యోగం నాది. ఈ వాన నాకు రోజూ ఆఫీసు దారిలో ఎదురయ్యేదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. మాలేలో జులైలో సగటున సుమారు 150 మిల్లీమీటర్ల వాన పడుతుంది. డిసెంబరులో 200 పైనే. అంటే రేట్లు ఆకాశంలో ఉండే క్రిస్మస్ నెలలో, మీరు భయపడుతున్న జులై కన్నా ఎక్కువ వాన! నిజంగా పొడి నెల ఫిబ్రవరి ఒక్కటే, 40 లోపు. మరి జులైకి ఎందుకు చెడ్డపేరు? గాలి వల్ల. మే నుంచి అక్టోబరు దాకా పడమటి గాలి, ఇక్కడివాళ్ళు హుల్హంగు అంటారు. ఏడాది చివర్లో అది మారి ఈశాన్యం నుంచి వీచేది ఇరువై. హుల్హంగులో సముద్రం గరుకు. యాత్ర చెడగొట్టేది ఆ అలలే. పచ్చిమిర్చి గారి అనుభవం చూడండి, వాన పెద్దగా లేదని ఆవిడే రాశారు.

వాన సంగతి ఇలా ఉంటుంది. పడమట నల్లటి గోడ లేస్తుంది. గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. టీ కొట్టువాడు ప్లాస్టిక్ కుర్చీలు లోపలికి లాగుతాడు, అది చూశామంటే ఇంకో రెండు నిమిషాలు టైముంది అన్నమాట. తర్వాత అడ్డంగా కొడుతుంది, గొడుగు దేనికీ పనికిరాదు. అరగంటలో ఎండ. ఎప్పుడైనా రెండు మూడు రోజులు వదలకుండా పట్టుకునే మాట కూడా నిజమే, అది లేదని చెప్పను. ఫోన్‌లో బొమ్మ మాత్రం పట్టించుకోకండి. రోజులో ఏ ఒక్క గంట చినుకు పడే అవకాశమున్నా అది రోజంతటికీ ఉరుము బొమ్మే వేస్తుంది.

తుఫాను భయం కూడా వద్దు. ఈ దేశం భూమధ్యరేఖకి ఆనుకుని ఉంది. అక్కడ భూభ్రమణం వల్ల గాలికి వచ్చే మెలి చాలా తక్కువ, తుఫానులు కట్టవు. ఉత్తరపు కొసకు ఎప్పుడైనా ప్రభావం తగులుతుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడి దీవులు చాలామటుకు అర కిలోమీటరు వెడల్పు కూడా ఉండవు. పడమటి ఒడ్డున అలలు బాదుతుంటే, అదే సమయంలో తూర్పు ఒడ్డు చెరువులా ఉంటుంది. నడిచి వెళ్తే ఐదు నిమిషాలు. అందుకని హుల్హంగులో తూర్పు వైపు విల్లా అడగండి. ఎక్కువ రిసార్టుల్లో దాన్ని సన్‌రైజ్ విల్లా అని అమ్ముతారు, చాలాచోట్ల కాస్త చవక కూడా.

పచ్చిమిర్చి · జూన్ 10, ఉదయం 8:05

ఓహో! మాది సన్‌సెట్ విల్లా. సూర్యాస్తమయం కనబడుతుందని రాత్రికి ఇంత అని అదనంగా కట్టించుకున్నారు. ఆ సూర్యుడు అస్తమించే వైపునుంచే గాలి వస్తుందని అమ్మినవాడు ఒక్క ముక్క చెప్పలేదు. ఒళ్ళు మండుతోంది.

అయినా లెక్కలు గారూ, ఒక మాట. విల్లా తూర్పున దొరికినా ట్రిప్పులు వెళ్ళేది బయటి సముద్రంలోనే కదా? ఆ పడవలకి తూర్పూ పడమరా ఏముంది? నా ఓటు ఇప్పటికీ ఫిబ్రవరికే.

హుల్హుమాలే_లెక్కలు · జూన్ 10, ఉదయం 8:30

మీరన్నది నిజమే. అటోల్ లోపల తిరిగితే ఫర్వాలేదు. ఒక అటోల్ నుంచి ఇంకో అటోల్‌కి దాటే కాలువల్లోనే అలలు పడవని ఎత్తేసేది. చేతిలో డబ్బు, సెలవు రెండూ ఉండి, స్నార్కెలింగ్ ఒక్కటే ముఖ్యమైతే ఫిబ్రవరి, మార్చికి మించింది లేదు. వాళ్ళ టికెట్లు అయిపోయాయి కాబట్టి జులైని ఎలా వాడుకోవాలో చెప్తున్నాను.

తాబేలు_నడక · జూన్ 10, మధ్యాహ్నం 1:20

చిన్న పక్కదారి. మాల్దీవుల వాళ్ళకి పాత వాతావరణ క్యాలెండర్ ఒకటుంది, నకై అంటారు. ఏడాదిని 27 భాగాలు చేస్తారు, ఒక్కోటి 13 లేదా 14 రోజులు. పేర్లు వినండి: అస్సిధ, బురును, కెతి, రోను, మియహెలియ, అధ, ఫునోస్... అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర, పునర్వసు! అచ్చం మన కార్తెలే, రోజులు కూడా ఇంచుమించు కలుస్తాయి. ఏ నకైలో చేపలు పడతాయో, ఎప్పుడు సముద్రం మీదికి పోకూడదో జాలర్లు దీన్నిబట్టే చెప్పేవారు. 18 నకైలు హుల్హంగువి, 9 ఇరువైవి. మా తాతగారు కార్తె చెప్పి విత్తనం బయటికి తీసినట్టే అక్కడ ముసలాయన నకై చెప్పి వల బయటికి తీస్తాడన్నమాట.

సరే, మీ చర్చ కానివ్వండి.

గొడుగు_మర్చిపోయా · జూన్ 10, రాత్రి 9:10

అందరికీ ధన్యవాదాలు. ఆవిడకి ఈ పేజీ చదివి వినిపించాను, "చూశారా, నేను బుక్ చేసింది మంచిదే" అంటోంది. ఇప్పుడు ప్రశ్నలు:

అత్తగారి పడవ సంగతి ఏం చేయాలి? స్పీడ్‌బోట్ అంటే భయం, సీప్లేన్ (నీళ్ళ మీద దిగే చిన్న విమానం) అయితే ధరకి భయం.
హనిఫారుకి ఆరేళ్ళ పిల్లాడిని తీసుకెళ్ళొచ్చా?
వాన పట్టుకుంటే ఏం చేస్తాం?

నీలివల · జూన్ 10, రాత్రి 9:45

మీ కుటుంబానికి అతికినట్టు సరిపోయే దీవి ధరవందూ. బా అటోల్‌లోనే ఉంది, దాని మీదే ఎయిర్‌పోర్ట్ ఉంది. మాలే ఎయిర్‌పోర్ట్ నుంచి డొమెస్టిక్ ఫ్లైట్ అరగంట లోపే, దిగి గెస్ట్‌హౌస్‌కి వెళ్ళిపోవడమే. అత్తగారు పడవ ఎక్కక్కర్లేదు. హనిఫారు అక్కడినుంచి పడవలో కొద్ది నిమిషాలే, మీరిద్దరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి రావచ్చు.

బాబుని మాత్రం అక్కడ నీళ్ళలో దింపకండి. ప్లాంక్టన్ వల్ల నీళ్ళు మసగ్గా ఉంటాయి, పోటు లాగుతుంది, జనం కూడా ఎక్కువే. వాడికి తూర్పు ఒడ్డున మోకాలి లోతు నీళ్ళు చాలు, బుల్లి షార్కులు కూడా కనబడతాయి.

నియమాలు గట్టిగా ఉంటాయి. ఆ బే రక్షిత ప్రాంతం, బా అటోల్ మొత్తానికి 2011లో యునెస్కో బయోస్ఫియర్ రిజర్వ్ గుర్తింపు వచ్చింది. స్కూబా (గాలి సిలిండర్‌తో లోపలికి మునగడం) నిషేధం, స్నార్కెలింగ్ మాత్రమే. లైసెన్స్ ఉన్న గైడ్ తప్పనిసరి, మనిషికి ఫీజు ఉంటుంది, నీళ్ళలో ఉండేది 45 నిమిషాలు. ముట్టుకోకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు. మాంటాలు ఆ పూట వస్తాయా రావా అనేది వాటి ఇష్టం, అందుకే ఆ దీవిలో కనీసం మూడు నాలుగు పూటలు చేతిలో ఉంచుకోండి.

హుల్హుమాలే_లెక్కలు · జూన్ 11, ఉదయం 7:00

ధరవందూ సలహాకి నా ఓటు కూడా. రవాణా మీద మరికొన్ని:

సీప్లేన్ వెలుగుంటేనే ఎగురుతుంది, పైలట్ కళ్ళతో చూసుకుంటూ దింపాలి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి హుల్హుమాలేలో గది తీసుకోవాల్సిందే. మబ్బు దట్టంగా ఉంటే గంటల కొద్దీ ఆలస్యం. డొమెస్టిక్ ఫ్లైట్‌కి ఆ బాధ తక్కువ, చీకట్లో కూడా దిగుతుంది.

స్పీడ్‌బోట్ ఎక్కక తప్పకపోతే ఉదయం పూట బోట్ చూసుకుని, వెనక వైపు మధ్య సీట్లో కూర్చోబెట్టండి. ముందు సీట్లలో కూర్చున్నవాళ్ళు ఎగిరెగిరి పడతారు, నడుము నొప్పి ఉన్నవాళ్ళకి అది నరకం. వాంతుల మాత్ర బోట్ కదిలాక వేస్తే ఉపయోగం లేదు, అరగంట ముందే పడాలి. ఆవిడ బీపీ, షుగర్ మందులేమైనా వాడుతుంటే ఏ మాత్ర అన్నది ముందే డాక్టర్‌ని అడగండి.

వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరికలు వైట్, ఎల్లో, ఆరెంజ్, రెడ్ అని రంగుల్లో ఉంటాయి. ఎల్లో వచ్చిందంటే ఆ రోజు పడవ ప్లాన్ మళ్ళీ అడగండి. ఆరెంజ్ అయితే ఆ రోజు పడవ లేనట్టే లెక్కేసుకోండి. శుక్రవారం మామూలు ఫెర్రీలు తిరగవు, మధ్యాహ్నం ప్రార్థన వేళ కొట్లు కూడా మూసేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం: చివరి రాత్రి మాలేలోనో హుల్హుమాలేలోనో ఉండండి. దూరపు దీవినుంచి అదే రోజు వచ్చి ఇంటి విమానం అందుకుందామని ఈ సీజన్‌లో పెట్టుకోవద్దు.

చిల్లర_డబ్బా · జూన్ 11, ఉదయం 10:40

డబ్బు గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? ఈ సీజన్‌లో గది ధర బాగా తగ్గుతుంది, కానీ సైట్‌లో కనబడే ధర చూసి మురిసిపోకండి. పైన 10 శాతం సర్వీస్ చార్జ్, ఆ మొత్తం మీద టూరిజం జీఎస్టీ. 2025 జులై నుంచి అది 17 శాతం. ఇంకా గ్రీన్ ట్యాక్స్: మనిషికి రాత్రికి రిసార్టులో 12 డాలర్లు, 50 గదుల లోపు ఉన్న గెస్ట్‌హౌస్‌లో 6 డాలర్లు. ఈ రెండోది 2025కి ముందు దీనిలో సగమే ఉండేది, పాత బ్లాగులు చూసి లెక్క వేసుకోకండి. "అన్నీ కలిపి ఎంత?" అని మెయిల్ పెట్టి జవాబు రాతలో తీసుకోండి. వాతావరణం వల్ల ట్రిప్ రద్దయితే డబ్బు మొత్తం ఇస్తారా అనేది కూడా అదే మెయిల్‌లో. పచ్చిమిర్చి అక్కకి జరిగినట్టు జరగకూడదు.

ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఇముగా అనే డిక్లరేషన్ ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. ఫీజు అడిగే సైట్ కనబడితే వెంటనే మూసేయండి.

తాబేలు_నడక · జూన్ 11, మధ్యాహ్నం 2:15

వాన పట్టుకుంటే ఏం చేయాలని అడిగారు కదా. రిసార్టులో అయితే నిజంగానే ఏమీ లేదు, పేకముక్కలు పట్టుకెళ్ళండి. జనం ఉండే దీవిలో అయితే హోటా ఉంటుంది. అంటే టీ కొట్టు. కూర్చోగానే చిన్న చిన్న ప్లేట్లలో హెధికా తెచ్చి బల్ల నిండా పెట్టేస్తారు: గుల్హా, బజియా, మస్‌రోషి. దాదాపు అన్నిట్లోనూ చేపా కొబ్బరీ. తిన్నవాటికే డబ్బు, మిగిలినవి వెనక్కి తీసుకెళ్తారు. బయట రేకుల మీద వాన మోగుతుంటే నల్ల టీతో గుల్హా కొరుక్కుంటూ క్యారమ్స్ ఆట చూస్తుంటే ట్రిప్ ఆగిపోయిందన్న బాధే ఉండదు. అత్తగారు శాకాహారి అయితే మాత్రం ముందే చెప్పండి, ఇక్కడ చేపని కూరగాయ కిందే లెక్కేస్తారు.

మాలేలో ఆగితే 1658లో పగడపు రాయితో కట్టిన పాత శుక్రవారపు మసీదు, హుకురు మిస్కీ, చూడండి. సిమెంటు లేకుండా రాళ్ళని ఒకదాంట్లో ఒకటి బిగించి కట్టారు, గోడల మీద చెక్కడం చూస్తే కదలబుద్ధి కాదు. నేషనల్ మ్యూజియం దగ్గర్లోనే ఉంది.

ఇంకొకటి. మీరు విసుక్కునే ఆ వాన వాళ్ళకి బంగారం. నదుల్లేవు, చెరువులు లేనట్టే, దీవి అడుగున పల్చటి మంచినీటి పొర తప్ప. చిన్న దీవుల్లో ఇంటి కప్పు మీద పడ్డ నీటిని ట్యాంకుల్లో పట్టుకుంటారు. 2014 డిసెంబరులో మాలే నీటి ప్లాంటులో మంటలు లేచినప్పుడు ఊరంతా నీళ్ళకి కటకటలాడితే, భారత్ నుంచి విమానాల్లో, ఓడల్లో తాగునీళ్ళు పంపించాల్సి వచ్చింది.

పచ్చిమిర్చి · జూన్ 11, సాయంత్రం 6:30

హోటా సంగతి మాకెవరూ చెప్పలేదు. మా రిసార్టులో సమోసా ప్లేటుకి పెట్టిన డబ్బుతో నెల సరుకులు వచ్చేవి.

దోమల మందు పట్టుకెళ్ళండి. వాన వెలిశాక పగలే కుడతాయి, డెంగీ ఉంది అక్కడ. బాబుకి పొడుగు చేతుల చొక్కాలు పెట్టండి. ఎండకి కూడా అవే కాపాడతాయి, మబ్బుగా ఉంది కదా అని క్రీమ్ మానేసి మా వారు రెండు భుజాలూ కాల్చుకున్నారు.

గొడుగు_మర్చిపోయా · జూన్ 14, రాత్రి 8:55

ప్లాన్ ఇలా కుదిరింది. దిగిన రోజే డొమెస్టిక్ ఫ్లైట్‌లో ధరవందూ. అక్కడ గెస్ట్‌హౌస్, అమావాస్యో పౌర్ణమో కలిసేలా పూటలు సర్దుకున్నాం. తర్వాత అదే అటోల్‌లో, ధరవందూ జెట్టీ నుంచి పావుగంట బోట్ దూరంలో ఉన్న రిసార్టులో రెండు రాత్రులు, సన్‌రైజ్ విల్లా. ఆఖరి రాత్రి హుల్హుమాలే. పావుగంట బోటుకి అత్తగారు ఒప్పుకున్నారు, "కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం మొదలుపెడతా, సగం కాకుండానే దింపేయాలి" అని షరతు పెట్టారు. ట్యాక్సులన్నీ కలిపి ఎంతో రిసార్టు వాళ్ళు మెయిల్‌లో ఇచ్చారు. ట్రిప్ రద్దయితే పూర్తి డబ్బు ఇస్తామని రాయడానికి మాత్రం మూడు మెయిళ్ళు పట్టింది.

హుల్హుమాలే_లెక్కలు · జూన్ 14, రాత్రి 9:20

బాగుంది. విల్లాలోకి వెళ్ళగానే బాబు కోసం మెట్ల దగ్గర గేటు ఉందో లేదో చూడండి, కొన్ని రిసార్టులు చిన్న పిల్లల్ని నీటి విల్లాల్లో అసలు ఒప్పుకోవు. వయసు రాసే అడిగారా?

గొడుగు_మర్చిపోయా · జూన్ 14, రాత్రి 9:28

రాశాం. గేటు ఉందట, లైఫ్ జాకెట్ కూడా ఇస్తామన్నారు.

కొత్తనీరు · జూన్ 20, ఉదయం 11:10

ఈ చర్చ ఇప్పుడే చదివాను. అక్టోబరు రెండో వారంలో దక్షిణాన అడ్డు అటోల్‌కి వెళ్దామనుకుంటున్నాం, ఇద్దరమే. పైన చెప్పిన తూర్పు పడమర లెక్క అక్కడ కూడా వర్తిస్తుందా?

హుల్హుమాలే_లెక్కలు · జూన్ 20, మధ్యాహ్నం 12:35

కొంతవరకే. అక్టోబరుకి పడమటి గాలి నీరసపడుతూ ఉంటుంది కాబట్టి సముద్రం కాస్త దయ చూపిస్తుంది, వాన మాత్రం ఉంటుంది. దక్షిణాన ఏడాది మొత్తం మీద వాన ఉత్తరం కన్నా ఎక్కువ, పొడి కాలం అంత స్పష్టంగా విడిపోదు. అందుకే అక్కడ పచ్చదనం కూడా ఎక్కువ. ఇంకో సుఖముంది: గన్ నుంచి హితధూ దాకా దీవుల్ని రోడ్డుతో కలిపేశారు, పడవ ఎక్కకుండానే బోలెడు తిరగొచ్చు. గన్‌లో 1976 దాకా బ్రిటిష్ వాయుసేన స్థావరం ఉండేది, ఆ పాత కట్టడాలు ఇప్పటికీ కనబడతాయి.

సైకిల్ అద్దెకు తీసుకోండి. రెయిన్‌కోట్ జిప్ ఉన్నదే కొనండి, వదులుగా తల మీంచి వేసుకునే రకం అయితే ఆ రోడ్డు మీద గాలికి మొహం మీదకి వచ్చి దారి కనబడదు. ఫోన్‌కి నీళ్ళు చొరని సంచీ ఒకటి, చెప్పులు జారనివి. గొడుగు బరువు దండగ.